పండించేవాడి కంచంలో ఏముంది?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో వ్యవసాయ కళాశాల పిల్లలున్నారు. మధ్యలో, సేంద్రియ కూరగాయలే కొనాలని పట్టుదలగా ఉన్న అమ్మలున్నారు. ఆ మూల కొండ మీదనుంచి దిగివచ్చిన కాఫీ రైతులు కూడా కనిపిస్తున్నారు. అన్నా, మీరు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

నాకు ఇచ్చిన విషయం బయోడైనమిక్ సేద్యం, రైతు జీవితం. బయోడైనమిక్ అంటే పొలం మొత్తాన్ని ఒక ప్రాణిలాగా చూసి చేసే ఒక రకం సేంద్రియ సేద్యం. ఈ పేరు వినగానే అందరూ అడిగేది ఆవు కొమ్ము గురించి. కొమ్ములో పేడ కూరి నేలలో పాతడమేమిటండీ, అది నిజంగా పనిచేస్తుందా అని. ఆ సంగతి దాటవేయను, చెబుతాను. అంతకంటే ముందు నేను అడగదలచుకున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ సేద్యం చేసే ఇంట్లో రాత్రి కంచంలో ఏం పడుతోంది? ఆ ఇంటి ఇల్లాలు సంతకు వెళ్ళి ఏం కొంటోంది, ఏం కొనడం మానేసింది? దిగుబడి, ధర, ఎగుమతి, అవార్డు అన్నీ కావలసినవే. అవన్నీ బాగుండి, పండించినవాడి కంచం మాత్రం వెలవెలబోతుంటే ఆ పద్ధతిలో ఎక్కడో లోటు ఉన్నట్టే. ఈ పూట నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

విశాఖపట్నంలో కూర్చుని దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. నాలుగు గంటలు ప్రయాణం చేస్తే అరకు. 1998లో హైదరాబాద్‌లో మొదలైన నాంది ఫౌండేషన్ ఆ లోయలో ఆదివాసీ కాఫీ రైతులతో సహకార సంఘం కట్టించి, బయోడైనమిక్ పద్ధతిని నేర్పించింది. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ‘అరకునామిక్స్’ అనే వాళ్ళ సేద్యపు నమూనాకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆహార వ్యవస్థల బహుమతి దక్కింది. ఇవన్నీ పేపర్లో చదివిందే. పారిస్ సంగతి అందరికీ తెలుసు. ఆ గింజ పండించిన గూడెంలో పొయ్యి మీద ఏముందో ఎవరూ రాయరు.

ముందు ఈ పద్ధతి ఎక్కడనుంచి వచ్చిందో రెండు మాటలు. 1924 జూన్‌లో, అప్పట్లో జర్మనీలో ఉన్న కోబెర్‌విట్జ్ అనే ఊళ్ళో, ఇప్పుడది పోలండ్‌లో ఉంది, రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్త్వవేత్త ఎనిమిది ఉపన్యాసాలిచ్చాడు. ఆయన రైతు కాదు. రైతులే ఆయన్ని పిలిపించుకున్నారు. విత్తనంలో సత్తువ పోతోంది, పశువుల ఆరోగ్యం తగ్గుతోంది, కొత్తగా వచ్చిన రసాయన ఎరువుల దారి మాకు నచ్చడం లేదు, ఏం చేయమంటారు అని అడిగారు. ఆయన చెప్పిన దాంట్లో గ్రహాలు, విశ్వశక్తులు, ఆధ్యాత్మిక విషయాలు చాలా ఉన్నాయి. వాటి మధ్యలో ఒక గట్టి మాట ఉంది. పొలాన్ని ఒక ప్రాణిలాగా చూడు, నేల, పశువు, చెట్టు, పంట, మనిషి కలిస్తేనే పొలం, బయటనుంచి ఎంత తక్కువ తెచ్చుకుంటే ఆ పొలం అంత ఆరోగ్యంగా ఉంటుంది అన్నాడు. మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయాడు. 1928 నాటికి ఆ పద్ధతిలో పండిన సరుకుకు డిమీటర్ అనే గుర్తు వచ్చింది. ఆ గుర్తు కావాలంటే ఈ రోజుకీ పొలం మొత్తాన్ని మార్చాలి, సగం ఇలా సగం అలా కుదరదు. పదో వంతు భూమి జీవ వైవిధ్యం కోసం వదలాలి. ఆవుల కొమ్ములు కోయకూడదు.

మన దేశానికి దీన్ని గట్టిగా పరిచయం చేసినవారిలో ముఖ్యుడు పీటర్ ప్రాక్టర్. న్యూజిలాండ్ మనిషి, 1990లలో వచ్చి ఊరూరా తిరిగి రైతులకు కంపోస్టు చేయడం నేర్పాడు. డార్జిలింగ్‌లో మకైబారి తేయాకు తోట కూడా ఆ రోజుల్లోనే ఈ దారి పట్టింది. ఈ చరిత్రకు ఇంతకంటే సమయం ఇవ్వను, మనకు కొండ ఎక్కాల్సి ఉంది.

ఇప్పుడు కొమ్ము. పాలిచ్చే ఆవు పేడను ఆవు కొమ్ములో కూరి, వానలు వెనకబట్టే సెప్టెంబరు అక్టోబరుల్లో పాతిపెడతారు. ఫిబ్రవరి మార్చిలో తవ్వి తీస్తారు, అంటే సరిగ్గా ఈ రోజుల్లోనే. పేడ వాసన పోయి, నల్లగా, మెత్తగా, అడవి మట్టి వాసనతో ఉంటుంది. దీన్ని 500 అంటారు. ఎకరానికి 25 గ్రాములు, పదమూడు నుంచి పదిహేను లీటర్ల నీళ్ళలో వేసి గంటసేపు కలుపుతారు. ఒకవైపు సుడి తిరిగేదాకా తిప్పి, ఆ సుడిని విరగ్గొట్టి రెండోవైపు తిప్పాలి. సాయంత్రం పూట చీపురుకట్టతో చినుకులు పడేట్టు నేలమీద చల్లుతారు. 501 అని ఇంకోటి ఉంది, పలుగురాయి పొడితో చేసేది, అది తెల్లవారుజామున ఆకుల మీద చల్లుతారు. 502 నుంచి 507 వరకు మూలికలతో చేసేవి, కంపోస్టు కుప్పలో గుంటలు చేసి పెడతారు. ఐరోపా మూలికలు కాబట్టి మన దగ్గర కొడైకెనాల్ లాంటి చల్లని కొండల్లో తయారుచేసి పంపుతారు.

పనిచేస్తుందా? మట్టి శాస్త్రం చదువుకున్నవాడిగా నేను చెప్పగలిగింది ఇది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర థెర్విల్‌లో 1978 నుంచి ఒక ప్రయోగం నడుస్తోంది. ఒకే పొలంలో బయోడైనమిక్, సేంద్రియ, మామూలు పద్ధతులు పక్కపక్కన మడుల్లో చేస్తారు. 21 ఏళ్ళ ఫలితాలు 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. సేంద్రియ పద్ధతుల్లో దిగుబడి సుమారు 20 శాతం తగ్గింది. ఎరువులు, ఇంధనం వాడకం 34 నుంచి 53 శాతం తగ్గింది. పురుగుమందు 97 శాతం తగ్గింది. నేలలోని సూక్ష్మజీవులు బయోడైనమిక్ మడుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించాయి. కానీ అది కొమ్ము మహిమా, బాగా మాగిన కంపోస్టు మహిమా అంటే, కంపోస్టు అనే నేనంటాను. కొమ్ము మందు ఒక్కదాని వల్లే పంట మారిందని నిలకడగా చూపించిన రుజువు లేదు. గ్రహబలం మాట చెప్పి రైతు చేత అప్పు చేయించేవాళ్ళు మీ ఊరికి వస్తే దూరంగా ఉండండి. కంపోస్టు కుప్ప వేయడం నేర్పేవాళ్ళు వస్తే మాత్రం కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

మరి రుజువు లేని దాని గురించి ఇంతసేపు ఎందుకు అంటారేమో. ఆ గంటసేపు కలపడం ఉంది చూశారూ, దాన్ని ఒక్కడే చేస్తే చేతులు పడిపోతాయి. అందుకని పక్క తోటవాడు వస్తాడు. వంతులు వేసుకుంటారు. కలుపుతూ మాట్లాడుకుంటారు, ఎవరి తోటలో ఆకు రాలుతోంది, ఎవరి చెట్టుకు కాండం తొలిచే పురుగు పట్టింది, షావుకారు ఈసారి ఎంత ఇస్తున్నాడు. సాయంత్రం చల్లడానికి తోటంతా చెట్టు చెట్టుకూ తిరుగుతారు. ఎరువు బస్తా విప్పి చల్లేసి వచ్చే రైతుకు ఈ తిరుగుడు ఉండదు. తోటను అన్నిసార్లు చూసినవాడికి తోట అర్థమవుతుంది. నా లెక్కలో కొమ్ము చేసిన మేలు ఇది, ఇది చిన్నదేమీ కాదు.

ఇక కొండ మీదికి వెళదాం. మైదానంలో మనం సేంద్రియం అంటే మందులు మానేయడం అనుకుంటాం. అరకు, పాడేరు కొండల్లో ఆ కథ వేరు. అక్కడి బగత, వాల్మీకి, కొండదొర, పోరజ, ఖోందు, గదబ కుటుంబాల్లో చాలామంది రసాయనాలు పెద్దగా వాడిందే లేదు. మానేయడానికి ఏముంది? అక్కడ సమస్య పోడు కొట్టిన ఏటవాలు నేల. వానకు పైమట్టి కొట్టుకుపోతుంది, మూడు నాలుగేళ్ళకు పంట తగ్గిపోతుంది, ఇంకో ముక్క అడవికి నిప్పు పెట్టాలి. పోడును తగ్గించడానికే ప్రభుత్వం, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి సిల్వర్ ఓక్ నీడలో కాఫీ వేయించాయి, చెట్టుకు మిరియాల తీగ పాకించాయి. చెట్టు వచ్చింది, కాఫీ వచ్చింది. తోటను సాకడం మాత్రం ఎవరూ సరిగ్గా నేర్పలేదు. మొక్క నాటి వదిలేస్తే కాసినంత కాసేది, ఒక్కసారే పచ్చివీ పండువీ కలిపి దూసేసి, ఇంట్లోనే ఎండబెట్టి, సంతకు తెస్తే దళారి చెప్పిందే ధర.

అక్కడ బయోడైనమిక్ తెచ్చిన మొదటి మార్పు పేడ మీద. మీకు తెలుసో లేదో, ఆ కొండల్లో చాలా ఇళ్ళలో ఆవు పాలు పిండరు. పాలు దూడవి. ఆవులూ ఎద్దులూ దుక్కికి, కట్నాలకు, పండుగలకు. పగలంతా వాటంతట అవి కొండ మీద తిరుగుతాయి, పేడ ఎక్కడ పడితే అక్కడే. కంపోస్టు నేర్చుకున్నాక పేడకు విలువ వచ్చింది. రాత్రిపూట పశువుల్ని పాకలో కట్టడం, కింద ఎండాకు పరవడం, గెత్తం ఒకచోట చేర్చడం మొదలయ్యాయి. ఇంట్లో ముసలమ్మకు కూడా ఒక పని, ఒక మాట దొరికింది, ఎందుకంటే పశువుల లెక్క ఆమెకే తెలుసు. పాలు పిండని ఆచారం అలాగే ఉంది. ఆ ఆచారాన్ని ముట్టుకోకుండానే పశువు ఇంటికి దగ్గరయింది. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది. మనం మైదానంనుంచి వెళ్ళి ఏదైనా నేర్పేటప్పుడు ముందు వాళ్ళ పద్ధతిని తప్పు పట్టి మొదలుపెడతాం. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

రెండోది ఎండాకు. ఎండాకు అంటే తగలబెట్టేది అనే లెక్క ఉండేది. కంపోస్టు కుప్పకు ఎండాకు ఒక పొర, పచ్చాకు ఒక పొర, పేడ ఒక పొర కావాలి. పచ్చిరొట్టకు వాడే గ్లిరిసిడియా చెట్టు కొమ్మలు కావాలి. ఆకును తగలబెట్టేవాడు ఆకును ఏరుకునేవాడయ్యాడు. మేం ఊరికి పోయి అడవికి నిప్పు పెట్టకండి అని ఎన్నిసార్లు చెప్పినా జరగని పని, ఆకుకు ఉపయోగం దొరికాక కొంతవరకు జరిగింది. ఉపదేశం కంటే అవసరమే మనిషి విలువల్ని త్వరగా మారుస్తుందని నేను నమ్ముతాను.

మూడోది పండు. కాఫీ కొమ్మ మీద అన్ని కాయలూ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవే కోయాలంటే నవంబరునుంచి ఫిబ్రవరి దాకా ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. ఆరు కిలోల పండు కోస్తేగాని కిలో గింజ రాదు. పచ్చివి ఎందుకు కోయకూడదు అంటే కొనేవాడు తీసుకోడు అని ఒక జవాబు. ఆ జవాబుతో రైతు కొన్నాళ్ళు చేస్తాడు, కొనేవాడు మారితే మానేస్తాడు. కానీ ఆ కొండల్లో ఇంకో జవాబు ఎప్పటినుంచో ఉంది. కొత్తల పండుగలు. కొర్రకొత్త, సామకొత్త, చిక్కుడు కొత్త, మామిడికొత్త. పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ పంట ఎవరూ నోట పెట్టకూడదు. మామిడికాయ చెట్టు నిండా ఉన్నా పండుగ కాకుండా తినరు. కాయ ముదిరి, టెంక గట్టిపడి, విత్తనం పనికొచ్చేదాకా చెట్టుకు అదొక రక్ష. ఆగడం అనేది వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కాఫీకి మాత్రం కొత్త పండుగ లేదు. బయటనుంచి వచ్చిన పంట, సంత కోసం వచ్చిన పంట, ఇంటి దేవతకు దాంతో పనిలేదు. పండిన పండే కోయాలి అనే నియమం వచ్చినప్పుడు, అది కొనేవాడి షరతుగా వచ్చినా, ఆ మనుషుల్లో ఉన్న పాత గుణానికి సరిగ్గా అతికింది. ఇదే నియమాన్ని మైదానంలో పెట్టి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

పంచాంగం సంగతి కూడా ఇలాంటిదే. బయోడైనమిక్‌లో చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు అని పెడతారు. మన రైతులకు కార్తెలు ఉన్నాయి, రోహిణి కార్తె, మృగశిర కార్తె. కార్తె సూర్యుణ్ణి బట్టి, ఇది చంద్రుణ్ణి బట్టి. చంద్రుడి రాశి వల్ల ముల్లంగి లావెక్కుతుందని నేను చెప్పను. కానీ కాలెండరు చూసి పని పెట్టుకునే రైతు పనిని వాయిదా వేయడు, అది మాత్రం చూశాను.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం, ఇందాకటినుంచి వాయిదా వేస్తూ వచ్చాను.

ఒకప్పుడు ఆ కొండల్లో తిండి అంటే చోళ్ళు, అంటే రాగులు, సామలు, కొర్రలు. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం సామ అన్నం, కందులు, చిక్కుడు గింజలు, అడవి దుంపలు, ఆకుకూరలు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పు పట్టే హక్కు కడుపు నిండిన నాకు లేదు. కానీ తెల్ల బియ్యం రావడంతో సామలు దంచే చేతులు ఆగిపోయాయి. సామలు దంచడం ఎంత కష్టమో దంచినవాళ్ళకే తెలుసు, ఆ ఆడవాళ్ళు బియ్యం వైపు మళ్ళితే వాళ్ళను అనడానికి లేదు. ఆ తర్వాత కాఫీ వచ్చింది, చోళ్ళు పండిన చెక్కల్లో కొన్ని కాఫీ తోటలయ్యాయి. చేతికి డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో సంతలో ఏం కొంటారు? పామాయిలు, పంచదార, బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్, కూల్ డ్రింకులు. పక్కనే ఇంట్లో వలిసెలు అనే నూనెగింజలు పండుతాయి, వలిసె నూనె ఎంతో మంచి నూనె, దాన్ని అమ్మి పామాయిలు కొంటారు. సేంద్రియమని పేరున్న కాఫీని అమ్మి, ఏ ఊళ్ళో ఎలా పండిందో తెలియని తిండిని కొనుక్కుంటే, ఆ సేంద్రియం ఎవరి కోసం?

ఇక్కడే బయోడైనమిక్‌లో నాకు నచ్చే భాగం ఉంది. పొలం మొత్తం ఒక ప్రాణి అనే మాటను నిజంగా పట్టుకుంటే, కాఫీ ఒక్కదాన్నే బాగుచేసి ఊరుకోలేరు. పెరడు కూడా పొలంలో భాగమే, కోడి, మేక, చింతచెట్టు, కంది గట్టు అన్నీ భాగమే. కాఫీ తోటల చుట్టూ లక్షల కొద్దీ పండ్ల మొక్కలూ అడవి మొక్కలూ నాటిన కార్యక్రమం ఆ లోయలోనే జరిగింది. మామిడి, పనస, సీతాఫలం, జామ. వాటిలో సగం సంతకు పోయినా సగం పిల్లల నోట్లోకి పోతాయి. కంపోస్టు చేయడం నేర్చుకున్న ఇల్లు కుప్పనుంచి రెండు గంపలు తెచ్చి పెరట్లో వేస్తుంది, అక్కడ వంగ, టమాట, బీర, గుమ్మడి వస్తాయి. ఆ ఇంటి ఇల్లాలు సంతలో కూరగాయల దగ్గర ఆగదు. ఇలా జరిగిన ఇళ్ళను చూశాను. జరగని ఇళ్ళనూ చూశాను. కంపోస్టు మొత్తం కాఫీకే పోసి, కూరగాయలు కొనుక్కునే ఇళ్ళు. ఇద్దరూ అదే శిక్షణ పొందినవాళ్ళే. తేడా ఎక్కడంటే, మొదటి ఇంట్లో కంపోస్టు ఎక్కడికి పోవాలో చెప్పే మాట ఆడమనిషిది.

ఇంకో చిన్న మార్పు చెబుతాను, చిన్నదే కానీ నాకు ఇష్టమైనది. కాఫీ పండించే చాలా ఇళ్ళలో కాఫీ తాగే అలవాటు లేదు. పండు కోసి అమ్మడమే. దాని రుచి ఏమిటో తెలియదు, దళారి బాగాలేదంటే బాగాలేదు. నాణ్యతను బట్టి ధర పెట్టడం మొదలయ్యాక, ఏటా నిపుణులు వచ్చి ఏ తోట కాఫీ ఎలా ఉందో రుచి చూసి చెప్పడం మొదలయ్యాక, రైతులు కూడా కప్పు చేతిలోకి తీసుకున్నారు. తన గింజ రుచి తెలిసిన రైతు బేరం దగ్గర తల దించుకోడు. పచ్చికాయ కలిస్తే రుచి ఎలా పాడవుతుందో నాలుక మీద తెలుసుకున్నవాడికి షరతు కాగితం అక్కర్లేదు.

మైదానంలో ఈ మార్పు అప్పు దగ్గర కనిపిస్తుంది. ఖమ్మం జిల్లా పునుకుల, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడ బయోడైనమిక్ కాదు, పురుగుమందులు లేని సేద్యం. పత్తి, మిరప రైతులు. మందులమ్మే వ్యాపారే అప్పు ఇస్తాడు, ఆయనే పంట కొంటాడు. ఏ మందు ఎంత కొట్టాలో కూడా ఆయనే చెబుతాడు. ఇక రైతుకు సొంత ఆలోచన ఎక్కడిది? వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టి, 2003లో ఆ ఊరు పురుగుమందులు వాడబోమని ప్రకటించుకుంది. దాంతో ముందు తగ్గింది ఆ వ్యాపారికి కట్టే బాకీ. బాకీ తగ్గిన ఇంట్లోనే పిల్లల చదువు, మంచి తిండి అనే మాటలు వస్తాయి.

ఈజిప్టులో సెకెమ్ అని ఒక సంస్థ ఉంది. కైరోకు ఈశాన్యంగా ఎడారిలో 1977లో ఇబ్రహీం అబూలేష్ మొదలుపెట్టాడు. ఇసుకలో బయోడైనమిక్ సేద్యం. ఆయన పొలంతో పాటే బడి, వైద్యశాల కట్టాడు, తర్వాత విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. 2003లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. నాకు అక్కడ నచ్చినది ఇంకోటి. ఆ మూలికల టీలు, ఆ దినుసులు ఐరోపాకు పంపి ఊరుకోలేదు, తన దేశం జనానికి కూడా అమ్మారు. అరకు కాఫీకి బెంగళూరులో కూడా కేఫ్ వచ్చింది, మంచిదే. పాడేరు సంతలో ఆ కాఫీ గ్లాసు ఎప్పుడు దొరుకుతుందా అని నా ఆశ.

కష్టాలు చెప్పకపోతే ఈ మాటలు సగమే అవుతాయి. ఈ సేద్యంలో పని ఎక్కువ, ఆ ఎక్కువ పని ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడుతుంది. నీళ్ళు మోసేది ఎవరు, ఆకు మోసేది ఎవరు, నాలుగు విడతల్లో పండు ఏరేది ఎవరు? పేరు, ఖాతా పుస్తకం మాత్రం మగవాడివి. పని పెరిగిన చోట డబ్బు ఎవరి చేతికి వస్తుందో చూడకుండా ఆ పద్ధతిని పొగడకూడదు. రెండోది, బయోడైనమిక్ అని ఇచ్చే ధ్రువపత్రం. చిన్న రైతు ఒంటరిగా దాన్ని తెచ్చుకోలేడు, సంఘం ఉండాలి. సంఘం ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఆ కొనేవాడి కష్టం రైతు కష్టమవుతుంది. గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది, దళారులూ కొంటారు, ఇలా రెండు మూడు తలుపులు తెరిచి ఉండటమే రైతుకు రక్ష.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, కొమ్ముకు రుజువు లేదన్నారు. మరి జీవామృతంతోనే సరిపోతుంది కదా, కొమ్ము ఎందుకు?)

సరిపోతుంది బాబూ. జీవామృతం చేయడానికి కావలసిన పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి మన రైతుకు ఇంట్లోనే దొరుకుతాయి. ఏది చేతికి అందితే అది చేయమనండి. ఒక్కటి చూసుకోండి. జీవామృతం చల్లి కంపోస్టు మానేస్తే నేలలో సేంద్రియ పదార్థం పెరగదు. నేలకు తిండి కావాలి. మీరు ప్రాజెక్టు చేస్తామంటే మూడు మడులు పెట్టండి, ఒకటి కంపోస్టు మాత్రమే, ఒకటి కంపోస్టు, కొమ్ము మందు కలిపి, ఒకటి జీవామృతం. మూడేళ్ళు ఆగకుండా చేయండి. ఒక్క పంట చూసి తీర్పు చెప్పకండి.

(ఒక శ్రోత: అండీ, బయోడైనమిక్ అని రాసి ఉంటే రెట్టింపు ధర. మధ్యతరగతి వాళ్ళం ఎలా కొనగలం?)

అన్నీ కొననక్కర్లేదమ్మా. మీరు రోజూ తినేవాటిలో పురుగుమందు ఎక్కువ పడేవి ఏవో చూసి వాటితో మొదలుపెట్టండి, మిరపకాయ, వంకాయ, కాలీఫ్లవర్ లాంటివి. మీ ధర ఎక్కువవుతున్నది ప్యాకింగ్ వల్ల, మధ్యలో చేతులవల్ల. పదిళ్ళు కలిసి కొండ రైతుల సంఘం దగ్గరనుంచి చోళ్ళు, సామలు, రాజ్మా, పసుపు, మిరియాలు నేరుగా తెప్పించుకోండి. కొనేముందు ఒక మాట అడగండి, ఇది మీ ఇంట్లో కూడా తింటారా అని. మీరు చోళ్ళు అడిగితే వాళ్ళు చోళ్ళు వేస్తారు, వేస్తే వాళ్ళ పిల్లలకు కూడా అంబలి దొరుకుతుంది.

(ఒక రైతు: మా వైపు కాఫీ కాయ తొలిచే పురుగు వచ్చిందంటున్నారు. ఈ సేద్యం చేస్తే అది రాదా?)

వస్తుందన్నా. ఏ సేద్యం చేసినా వస్తుంది, కొమ్ము మందు చల్లితే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. నల్లటి చిన్న పురుగు, కాయ కొనకు సూదిబెజ్జం పెట్టి లోపలికి పోతుంది. గింజలోపల ఉన్నదానికి మందు కొట్టినా అందదు. దానికి మొదటి వైద్యం చేతి పనే. ఇప్పుడు కోత అయిపోయింది కదా, చెట్టుమీద మిగిలిపోయిన ఎండు కాయలు, కింద రాలినవి ఒక్కటి వదలకుండా ఏరించు. అవే దానికి వచ్చే కాపుదాకా ఇల్లు. బెజ్జం ఉన్న కాయల్ని మరిగే నీళ్ళలో వేసి, ఆ తర్వాత లోతుగా పాతిపెట్టు. బవేరియా అనే బూజుతో చేసిన పురుగుల మందు ఉంది, జీవ సంబంధమైనది, మీ సేద్యంలో వాడుకోవచ్చు. పక్క ఊరి గోనెసంచులు మీ ఇంటికి తేవద్దు, సంచిలోనే అది ప్రయాణం చేస్తుంది. ఇంకో సంగతి, నీ ఒక్క తోట ఏరితే చాలదు. నీ గట్టు అవతల ఉన్నవాడు ఏరకపోతే వచ్చే వర్షాలకు మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది. కొమ్ము మందు కలపడానికి వంతులు వేసుకుంటారు కదా, అవే వంతులు దీనికీ వేసుకోండి. నెల రోజుల్లోపు అయిపోవాలి, పూత వానలు పడకముందే.